వహీదా రెహమాన్‌ని ఆవిడ వింటున్నప్పుడు చూడండి

మీరు అడిగింది ఇది: "వహీదా రెహమాన్ తెలుగు సినిమాలోంచే హిందీకి వెళ్ళారంటారు, నిజమేనా? ఆవిడ సినిమా నేను ఒక్కటీ చూడలేదు. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? అందరూ అంతగా చెప్పుకోవడానికి ఆవిడ నటనలో ఏముంది?"

నిజమే. 2023 అక్టోబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా ఆవిడ దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకుంటుంటే మా ఇంట్లో అందరం టీవీ ముందే ఉన్నాం. మా అమ్మకి అప్పటికి ఎనభై ఏళ్ళు. కళ్ళజోడు సర్దుకుని కాసేపు పరీక్షగా చూసి, "ఏరువాక పిల్లే కదే ఈవిడ!" అంది. హిందీలో ఆవిడ ఎన్ని సినిమాలు చేసినా మా అమ్మకి మాత్రం ఇప్పటికీ ఏరువాక పిల్లే.

'రోజులు మారాయి' 1955లో వచ్చింది. తాపీ చాణక్య దర్శకుడు, నాగేశ్వరరావు, షావుకారు జానకి జంట. అందులో "ఏరువాకా సాగారో రన్నో చిన్నన్నా" పాట ఉంది. కొసరాజు రాశారు, మాస్టర్ వేణు సంగీతం, పాడింది జిక్కి. తెర మీద ఆడింది పదిహేడేళ్ళ వహీదా. అమ్మ ఆ సినిమా తెనాలిలో చూసింది, అప్పుడు తనకి పన్నెండేళ్ళు. పాట అయిపోగానే నేల టికెట్టు వాళ్ళు మళ్ళీ వెయ్యమని గోల చేశారట. ఆపరేటరు రీలు వెనక్కి తిప్పి మళ్ళీ వేసేదాకా ఊరుకోలేదట. ఇంటికొచ్చాక అమ్మా, పిన్నీ ఓణీలు నడుముకి బిగించి పెరట్లో అదే ఆడారు, తాతయ్య వచ్చి కేకలేసేదాకా.

ఈ పాటకి ఇంకో కథ కూడా ఉంది. మా నాన్నగారికి వివిధభారతి పిచ్చి. ఓసారి రేడియోలో ఆశా భోంస్లే పాట వస్తోంది, "దేఖ్‌నే మే భోలా హై" అని. వంటింట్లోంచి అమ్మ గరిటతో సహా బయటికొచ్చి, "ఇది మన ఏరువాక కదండీ!" అంది. నాన్న ముందు ఒప్పుకోలేదు. రెండో చరణం దాకా విని ఒప్పుకున్నారు. అది 1960లో వచ్చిన 'బంబయీ కా బాబు'లోది, ఎస్.డి. బర్మన్ మన బాణీనే తీసుకున్నారు. యూట్యూబ్‌లో రెండూ ఉన్నాయి, పక్కపక్కన వినండి.

అదే 1955లో ఎన్టీఆర్ 'జయసింహ'లోనూ వహీదా చేసింది. పుట్టింది 1938లో, మద్రాసు దగ్గర చెంగల్పట్టులో. తండ్రి ప్రభుత్వంలో అధికారి, బదిలీల మీద ఊళ్ళు మారేవారు. చిన్నతనంలో కొన్నాళ్ళు మా విశాఖపట్నంలో కూడా ఉన్నారు. అక్కలతో పాటు పెరుగుతూ భరతనాట్యం నేర్చుకుంది. డాక్టర్ అవ్వాలని ఉండేదని ఆవిడే చాలాసార్లు చెప్పింది. కానీ తండ్రి త్వరగా పోయారు, అమ్మకి ఒంట్లో బాగుండేది కాదు, ఇల్లు గడవాలి. అందుకని సినిమాల్లోకి వచ్చింది.

హైదరాబాదు నుంచి బొంబాయికి దారి ఎలా పడిందో హిందీ దర్శకుడు, నటుడు గురుదత్ దగ్గర రచయితగా చేసిన అబ్రార్ అల్వీ చెప్పిన కథ ఒకటుంది. మన 'మిస్సమ్మ' హిందీలో తీయడానికి పనికొస్తుందేమో చూద్దామని గురుదత్ బృందం కారులో హైదరాబాదు వచ్చింది. దారిలో కారు గేదెకి గుద్దుకుని రిపేరుకి వెళ్ళింది, ఇక్కడే రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చింది. ఓ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసులో కూర్చుని ఉండగా బయట ఒక్కసారిగా జనం, హడావిడి. ఎవరని అడిగితే, ఒక్క డాన్సుతో ఊళ్ళన్నీ ఊపేసిన కొత్త అమ్మాయి వచ్చిందన్నారు. ఉర్దూ కూడా వచ్చన్నారు. అలా పిలిపించి చూశారు. ఆ గేదె అడ్డం రాకపోతే ఏమయ్యేదో అని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

బొంబాయిలో మొదటి మాటే పేరు మార్చుకోమని. దిలీప్ కుమార్, మధుబాల, మీనాకుమారి అందరూ మార్చుకున్నవాళ్ళే, నీ పేరు మరీ పొడుగు అన్నారు. ఈ అమ్మాయి కుదరదంది. మా అమ్మా నాన్నా పెట్టిన పేరు, మార్చనంది. ఇంకో షరతు కూడా పెట్టింది. నాకు నచ్చని బట్టలు వేసుకోను, ఆ ముక్క కాంట్రాక్టులో రాయండి అని. అప్పటికింకా పద్దెనిమిది నిండలేదు, సంతకం అమ్మ చేయాల్సి వచ్చింది. ఒక్క హిందీ సినిమా కూడా లేని పిల్ల అంత పెద్దవాళ్ళ ముందు కూర్చుని ఆ మాట అనగలిగిందంటే, ముప్పై ఏళ్ళు పెద్ద డాక్టర్ల ముందు నోరు విప్పడానికి ఆలోచించిన నాకు అది మామూలు విషయంగా కనిపించదు.

ఇంతకీ నేనెవర్నో చెప్పాలి. నేను రిటైరైన స్టాఫ్ నర్సుని. ముప్పై మూడేళ్ళ సర్వీసులో పదకొండేళ్ళు మానసిక రోగుల వార్డులో చేశాను. అక్కడ ఇంజక్షన్లూ మాత్రలూ ఎంతో, వినడం అంతకంటే పెద్ద పని. పేషెంటు చెప్పేది వింటున్నట్టు మొహం పెడితే సరిపోదు. వాళ్ళు ఇట్టే పట్టేస్తారు. వహీదాని నేను ఆ కళ్ళతో చూశాను కాబట్టి నా జవాబు అటువైపు నుంచే వస్తుంది: ఆవిడ నటన చూడాలంటే డైలాగు చెప్పేటప్పుడు కాదు, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటేనో పాడుతుంటేనో ఆవిడ మొహం చూడండి.

మొదటి హిందీ సినిమా 'సీఐడీ' 1956లో వచ్చింది, అందులో చిన్న పాత్ర. మరుసటి ఏడు 'ప్యాసా'. అందులో గులాబో అనే వేశ్య. ఒక సీను గురించి చెప్తాను. రాత్రి, కలకత్తా వీధి. ఎవరో వైష్ణవ భక్తురాలు రాధాకృష్ణుల కీర్తన పాడుతోంది, గొంతు గీతాదత్‌ది. హీరో, అంటే కవి వేషంలో ఉన్న గురుదత్, మేడమెట్లెక్కి డాబా మీదికి వెళ్ళి అటు తిరిగి నిలబడతాడు. గులాబో వెనకాలే వెళ్తుంది. ఆ కీర్తనలో రాధ అడిగేదే తన మనసులోనూ ఉంది. దగ్గరికి వెళ్తుంది, తల ఆయన వీపుకి ఆనిద్దామన్నంత దగ్గరికి. ఆనించదు. తనని తాను ఆపుకుని వెనక్కి వచ్చేస్తుంది. ఆయనకి ఇదేదీ తెలియదు. ఈ పాట మొత్తంలో ఆవిడకి ఒక్క మాట లేదు, పెదవి కదపడం కూడా లేదు. ఉన్నదల్లా ఊపిరి, కళ్ళు, మెట్ల కమ్మీ పట్టుకున్న చెయ్యి. భరతనాట్యంలో అభినయం నేర్చుకున్నవాళ్ళకి మొహంలో ఒక్కో కండరం విడిగా మాట వింటుంది. దాన్ని కెమెరా కోసం ఎంత తగ్గించాలో ఆ వయసులోనే ఈవిడకి ఎలా తెలిసిందో నాకు అర్థం కాదు.

'కాగజ్ కే ఫూల్' 1959లో వచ్చింది. మన దేశంలో మొదటి సినిమాస్కోప్ చిత్రం, అప్పట్లో ఆడలేదు. ఒక ఖాళీ స్టూడియోలో వి.కె. మూర్తి కెమెరా, పైనుంచి పడే ఎండ కిరణం, ఇద్దరి మధ్యా దూరం. దాని గురించి రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, నేను వదిలేస్తాను. 'చౌద్‌వీ కా చాంద్' 1960లో పెద్ద హిట్టు. ఆ టైటిల్ పాటని తర్వాత రంగుల్లో మళ్ళీ తీశారు. రంగు ఫిల్ముకి లైట్లు చాలా ఎక్కువ కావాలి, ఆ వేడికి కళ్ళు ఎర్రబడేవి. సెన్సారువాళ్ళు ఆ ఎర్ర కళ్ళు చూసి అభ్యంతరం పెట్టారని ఆవిడ ఇంటర్వ్యూల్లో చెప్పింది.

'గైడ్' (1965) గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. ఆర్.కె. నారాయణ్ నవల, విజయ్ ఆనంద్ దర్శకత్వం, దేవానంద్ సొంత సినిమా. రోజీ దేవదాసి కూతురు. తవ్వకాల్లో మునిగిపోయిన పెద్దాయన భార్య. ఆవిడకి నాట్యం మీద ప్రాణం, ఆయనకి అదంటే అసహ్యం. చివరికి మొగుణ్ణి వదిలి వచ్చేస్తుంది. ఈ పాత్ర ఒప్పుకుంటే నీ కెరీర్ అయిపోయినట్టే అని చాలామంది చెప్పారట. హీరోయిన్ కాపురం వదిలి ఇంకొకరితో వెళ్ళిపోవడం ఆ రోజుల్లో జనం ఒప్పుకునే విషయం కాదు. ఆవిడ చేసింది. ఫిల్మ్‌ఫేర్ ఉత్తమ నటి అవార్డు కూడా వచ్చింది.

"కాంటోం సే ఖీంచ్ కే యే ఆంచల్" పాట అందరూ వినే ఉంటారు, చూడ్డం వేరు. సంతలో గజ్జెలు కొనుక్కుని కాళ్ళకి కట్టుకుని నడిచిపోతుంది. గడ్డి వేసుకెళ్ళే లారీ మీద కుండ పగలగొడుతుంది. చిత్తోర్‌గఢ్ కోట గోడ అంచున పరిగెడుతుంది. మామూలుగా పాటకి పల్లవి ముందొస్తుంది, ఇక్కడ చరణంలా మొదలై ఆ తర్వాత "ఆజ్ ఫిర్" అని పల్లవి అందుకుంటుంది. నేను పెళ్ళయిన కొత్తలో చూశాను ఇది. నైట్ డ్యూటీలు మానెయ్యమని అత్తగారింట్లో రోజూ టెన్షన్ నడుస్తున్న రోజులు. ఆ కుండ పగిలిన చప్పుడు నాకు చాలా రోజులు చెవిలో ఉండిపోయింది. డ్యూటీలు మానలేదు.

అదే సినిమాలో పాము నాట్యం కూడా చూడండి. నాగస్వరం ఊదుతున్నవాళ్ళ దగ్గర నిలబడి ముందు ఊరికే వింటుంది. ఆ వినడంలోనే ఒళ్ళు మారుతుంది. తర్వాత ఆడటం మొదలయ్యాక అదింక నాట్యంలా ఉండదు, పూనకంలా ఉంటుంది. అన్నాళ్ళుగా ఆడనివ్వని మనిషి ఒకేసారి ఆడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. పక్కన నిలబడి చూస్తున్న గైడు రాజూ, అంటే దేవానంద్, మొహంలో భయం నిజంగానే కనిపిస్తుంది.

'తీస్‌రీ కసమ్' 1966లో వచ్చింది. కవి శైలేంద్ర ఉన్నదంతా పెట్టి తీసుకున్న సినిమా. ఆడలేదు, ఆ డిసెంబరులోనే ఆయన పోయారు. తర్వాత దానికే ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. సత్యజిత్ రాయ్ కెమెరామన్ సుబ్రతా మిత్రా దీనికి కెమెరా పట్టారు. బిహారు పల్లెల్లో నౌటంకీ అనే పాటల నాటకాలు ఆడే హీరాబాయి, గూడుబండి తోలే హీరామన్. బండి ప్రయాణంలో ఆ అమాయకుడు రాజ్ కపూర్ ఆవిడకి మహువా అనే పిల్ల కథ చెబుతాడు, మధ్యలో పాడతాడు. సవతి తల్లి అమ్మేసిన పిల్ల కథ. హీరాబాయి కూడా అమ్ముడుపోయే బతుకే, అది అతనికి తోచదు. అతను చెబుతున్నకొద్దీ ఆవిడ మొహంలో మొదట సరదా, తర్వాత శ్రద్ధ, ఆ తర్వాత ఏదో లోపలికి దిగబడిపోవడం. ఆవిడ సినిమాల్లో ఒక్క సీనే చూపించు అంటే నేను ఇది చూపిస్తాను.

మధ్యలో ఒక ముచ్చట. 1967లో దిలీప్ కుమార్‌తో చేసిన 'రామ్ ఔర్ శ్యామ్' మన 'రాముడు భీముడు'కి హిందీ రూపం. నాగిరెడ్డిగారు తీశారు. దర్శకుడు ఎవరనుకున్నారు? తాపీ చాణక్యే. ఏరువాక పాట తీసిన మనిషే పన్నెండేళ్ళ తర్వాత అదే అమ్మాయిని హిందీలో పెద్ద హీరోయిన్‌గా డైరెక్ట్ చేశారు. మా అమ్మకి ఈ సంగతి చెబితే పేరంటానికి వెళ్ళినచోటల్లా చెప్పింది. తర్వాతి ఏడు 'నీల్ కమల్'కి రెండో ఫిల్మ్‌ఫేర్ వచ్చింది గానీ నాకు ఆ సినిమా నచ్చదు. ఏడిపించడమే పనిగా పెట్టుకుంది.

ఇక 'ఖామోషీ'. అసిత్ సేన్ దర్శకుడు, హేమంత్ కుమార్ సంగీతం, 1969 నాటి నలుపు తెలుపు సినిమా. కథ మన పెద్దవాళ్ళకి తెలుసు. బెంగాలీలో సుచిత్రా సేన్ చేసింది, తెలుగులో సావిత్రిగారితో 'చివరకు మిగిలేది' పేరుతో 1960లోనే వచ్చింది. మానసిక వైద్యశాలలో నర్సు రాధ. ప్రేమలో దెబ్బతిని మతి చెడిన కుర్రాడికి ప్రేమ నటించి బాగుచేయమని పెద్ద డాక్టరు ఆవిడకి అప్పగిస్తాడు. బాగవుతాడు, వెళ్ళిపోతాడు, పెళ్ళి చేసుకుంటాడు. ఆవిడ నిజంగానే ప్రేమించింది. ఎవరికీ చెప్పదు. ఇంతలో రెండో పేషెంటు వస్తాడు, రాజేష్ ఖన్నా. ఇతన్ని కూడా చూడమంటారు.

నర్సుగా ముందు ఒక మాట చెప్పాలి. అలాంటి వైద్యం ఎక్కడా ఉండదు, ఉండకూడదు. పేషెంటుకీ నర్సుకీ ఇద్దరికీ అన్యాయం అది. అయినా ఆ సినిమాలో ఒక నిజం ఉంది, నేను వేరే ఏ సినిమాలోనూ చూడనిది.

నా ఇరవయ్యేడో ఏట వార్డుకి ఒక డిగ్రీ కుర్రాడు వచ్చాడు. పరీక్ష తప్పాక మాట మానేశాడు, తిండి మానేశాడు. మూడు వారాలు ఎవరితోనూ ఒక్క మాట లేదు. నేను నైట్ డ్యూటీలో అతని మంచం పక్కన స్టూలు వేసుకుని చార్టులు రాసుకుంటూ మా ఊరి సంగతులు చెప్పేదాన్ని, వింటున్నాడో లేదో తెలీకుండానే. ఓ తెల్లవారుజామున పాలు తాగి, "సిస్టర్, రేపు కూడా మీరే వస్తారా?" అన్నాడు. అంతే. ఆ రోజు నేను ఇంటికి నడిచి వెళ్ళలేదు, తేలుతూ వెళ్ళాను. తర్వాత రెండు నెలల్లో బాగయ్యాడు. డిశ్చార్జ్ రోజు వాళ్ళ నాన్నా బావా వచ్చారు, బట్టలు సంచీలో కుక్కారు, డాక్టరుగారికి దండం పెట్టారు, ఆటో ఎక్కారు. అతను వెనక్కి తిరిగి చూడలేదు. చూడకపోవడమే మంచిది, అలా మరిచిపోతేనే బాగయినట్టు. ఆ మంచం మీద దుప్పటి మార్చి, బాత్రూంలోకి వెళ్ళి మొహం కడుక్కుని, పక్క బెడ్ పేషెంటుకి టెంపరేచర్ చూశాను. ప్రేమా గీమా కాదు అది. కానీ ఏదో పోయింది. ఏం పోయిందో అడిగినవాళ్ళు లేరు, అడిగినా నాకు చెప్పడం వచ్చేది కాదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి దూరదర్శన్‌లో 'ఖామోషీ' వేశారు. "తుమ్ పుకార్ లో" పాట వస్తోంది. పాడే మనిషి మొహం కనిపించదు, వీపే కనిపిస్తుంది. తెల్ల యూనిఫాంలో రాధ ఆగి వింటుంది. ఆ పాట తన కోసం కాదని ఆవిడకి తెలుసు. తన కోసమైతే బాగుండునని కూడా ఉంది. రెండూ ఒకే మొహంలో, పైన నర్సు ఉండాల్సిన ప్రశాంతత అలాగే ఉంది. నేను దుప్పటి మార్చినప్పుడు నా మొహం ఎలా ఉండి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. పక్కనున్న మా ఆయన "ఏమైంది?" అన్నారు. మొదటిసారి ఆ కుర్రాడి సంగతి ఆయనకి చెప్పాను. సినిమా అయ్యేదాకా చెబుతూనే ఉన్నాను, ఆయన వింటూనే ఉన్నారు.

సావిత్రిగారు ఏడిస్తే మనమూ ఏడుస్తాం, అందులో తిరుగులేదు. ఈవిడ ఏడవకుండా ఆపుకుంటుంటే మన గొంతు పట్టేస్తుంది. ఇద్దర్నీ చూడండి, ఎవరు ఎక్కువని మాత్రం నన్ను అడక్కండి.

తర్వాతి కాలం త్వరగా చెప్పేస్తాను. 1971లో 'రేష్మా ఔర్ షేరా'కి జాతీయ ఉత్తమ నటి అవార్డు, 1972లో పద్మశ్రీ. 'షగూన్' సినిమాలో తనతో చేసిన నటుడు కమల్‌జీత్‌ని 1974లో పెళ్ళి చేసుకుని కొన్నాళ్ళకి బెంగుళూరు వెళ్ళిపోయింది. అదే ఏడాది తెలుగులో నాగేశ్వరరావుతో 'బంగారు కలలు' కూడా వచ్చింది. హిందీలో 1976లో 'కభీ కభీ'లో అమితాబ్‌కి భార్య, రెండేళ్ళకే 'త్రిశూల్'లో అతనికే తల్లి. హీరోలకి ఎన్నేళ్ళొచ్చినా హీరోలే, ఆడవాళ్ళకి మాత్రం ఇలా. నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆవిడ మాత్రం ఆ తల్లి పాత్రల్ని కూడా తక్కువగా చేయలేదు. 1991 'లమ్హే' తర్వాత పదేళ్ళు విరామం. 2000లో భర్త పోయాక ముంబయి తిరిగొచ్చి మళ్ళీ నటించింది. 2006 'రంగ్ దే బసంతీ'లో పైలట్ కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఆవిడే. పెద్ద వయసులో అడవుల వెంట తిరుగుతూ జంతువుల ఫోటోలు తీస్తుంది. వన్యప్రాణుల కోసం గంటలకొద్దీ కదలకుండా కూర్చోవాలి కదా, ఆవిడకి అది కష్టం కాదనుకుంటాను.

మీకు నా సలహా: ముందు ఏరువాక పాట, తర్వాత 'గైడ్' మొత్తం. హిందీ అంతగా రాకపోయినా ఫర్వాలేదు, సబ్‌టైటిల్స్ ఉన్నది చూడండి. అది నచ్చితే 'ప్యాసా', ఆ తర్వాత 'తీస్‌రీ కసమ్'. ఇది నెమ్మదిగా నడుస్తుంది, తీరికున్న రోజు పెట్టుకోండి. 'ఖామోషీ' ఆఖర్న, రాత్రిపూట, ఫోన్ పక్కన పెట్టి. మీ ఇంట్లో డెబ్భై దాటిన అమ్మమ్మో నాయనమ్మో ఉంటే ఏరువాక పాట వాళ్ళ పక్కన కూర్చుని చూడండి. మా అమ్మకి మోకాళ్ళు పట్టేశాయి, లేవలేదు. కుర్చీలో కూర్చునే చేతులతో మొత్తం ఆడేస్తుంది.